వినబడినట్టు తలూపాను

దయ్యాలూ ఆత్మలూ అంటే నవ్వే మనిషిని నేను. కోదాడ నుంచి మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీకి ఇరవై ఆరేళ్లు డ్యూటీకి వెళ్లాను, రాయి పగలగొట్టే మిషన్ దగ్గర. ఆ మోతకు చెవులు పోయాయి కానీ బుర్ర బాగానే ఉంది.

పూర్తి చెవుడు కాదు. ఎవరైనా మాట్లాడితే ఆ, ఊ, ఓ అని గొంతు వచ్చేది. స, త, క లాంటివి రాలిపోయేవి. పెదాలు చూసి మిగతాది పూరించుకునేవాణ్ని. అదీ కుదరకపోతే వినబడినట్టు తలూపేవాణ్ని. నా భార్య సత్తెమ్మ మాత్రం భుజం తట్టి, ఎదురుగా నిలబడి మాట్లాడేది.

పోయినేడు ఆమెకు ఊపిరి ఆడక సూర్యాపేటలో దవాఖానలో చేర్పించాం. ముక్కూ నోరూ కప్పేసిన ఆక్సిజన్ మాస్కు. ఒక మధ్యాహ్నం నా భుజం తట్టి ఏదో చెప్పింది, చాలాసేపే చెప్పింది. పెదాలు కనబడలేదు. మాస్కు తీయాలంటే భయం, మళ్లీ చెప్పమనాలంటే సిగ్గు. తలూపాను. ఆమె నా చేయి నొక్కి కళ్లు మూసుకుంది. మర్నాడు పొద్దున పోయింది.

"అమ్మ ఏమన్నది నాయినా?" అని మా బిడ్డ లలిత అడిగింది.

"నిన్ను పైలంగా, జాగ్రత్తగా ఉండమన్నది బిడ్డా" అన్నాను. ఆ అబద్ధం నన్ను కడుపునిండా తిననివ్వలేదు.

నాలుగు నెలలకు లలిత నన్ను మిర్యాలగూడలో తన ఇంటికి పిలిపించుకుని, చెవుల పరీక్షకు తీసుకెళ్లింది. అద్దమున్న చిన్న గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు పెట్టారు. అవతల మిషన్ దగ్గర ఒక అమ్మాయి. శబ్దం వినబడితే చెయ్యెత్తాలి. సన్నటి కూతలు ఒక్కటీ వినబడలేదు. ఇక మాటలు వినిపిస్తానని, విన్నవి తిరిగి చెప్పాలని కాగితం మీద రాసి చూపించింది. అలవాటుగా తలూపాను.

అప్పుడు వినబడింది, సత్తెమ్మ గొంతు.

"ఊకె తలకాయ ఊపకు. నీకు ఇనపడలేదని నాకు ఎర్కనే."

ఒక్క అక్షరం పోలేదు. ఏడుస్తూనే చెయ్యెత్తాను.

ఆ అమ్మాయి కంగారుగా లోపలికొచ్చి నా ఎదురుగా నిలబడి, "ఏమైంది సార్? నేనింకా ఏం పెట్టలే" అంది. మాటల పరీక్ష మొదలే కాలేదు.

బయటికొచ్చాక లలితకు నిజం చెప్పాను. తిట్టలేదు, నాతోపాటు ఏడ్చింది.

ఇప్పుడు చెవికి మిషన్ ఉంది. అందులో అందరి గొంతులూ రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంటాయి. ఆ రోజు సత్తెమ్మ గొంతు అలా లేదు, మా పెళ్లైన కొత్తలో విన్నట్టే ఉంది. నేనే ఊహించుకున్నానా అంటే, ఆ మాట నాకు తట్టేది కాదు. నేను విన్నానని నమ్మి సత్తెమ్మ పోయిందనే కదా ఇన్నాళ్లూ నేను ఏడ్చింది. అది ఎలా వినబడిందో ఇప్పటికీ తెలియదు.

దవాఖానలో ఏం చెప్పిందో కూడా తెలియదు. ఆ రోజు తలూపకపోయి ఉంటే, మళ్లీ చెప్పేది.