బయటి కప్పుల పోరాటం

చెరుకు నరికే పని అయ్యాక బోధన్ అంగడికి పోతే మా బాపుకు ఒక్కటే యావ, చాయ్. బజారు మూలనున్న హోటల్లో మాదిగలకు పోయరని నేననను, పోసేవాళ్లు. బయటి గోడకు కొట్టిన చెక్క మీద చెవులు విరిగిన పింగాణీ కప్పులు కొన్ని మాకోసం ఉండేవి. మేమే తీసుకోవాలి, హోటల్ నడిపే సేఠ్ పైనుంచి పోస్తే పట్టుకోవాలి, నిలబడి తాగాలి, కడిగి బోర్లించాలి. బల్లలు, ఇత్తడి గ్లాసులు లోపలివాళ్లకు.

"ఒక్కసారన్న గా బల్ల మీద గూసొని తాగాలెరా," అనేవాడు బాపు. ముసలితనంలో ఆయన అడిగిందల్లా అదే.

ఆ ఏడు నిజామాబాద్ నుంచి అంటరానితనం పోగొట్టే సంఘం వచ్చింది. ఒక వకీలు, ఒక పంతులు, కోమట్ల పిల్లలు కొందరు. సభ పెడదామంటే సర్కారు ఇజాజత్ ఇవ్వలేదు. చాయ్ తాగడానికి ఇజాజత్ ఎందుకని వకీలు ఉపాయం తీశాడు. ఎవరినీ తిట్టొద్దు, ఎవరి మీదా చెయ్యెత్తొద్దు. అందరూ బయటే నిలబడి మా కప్పుల్లోనే తాగాలి.

అంగడి రోజున మేం పోయేసరికి సంఘంవాళ్ల ఖద్దరు ధోవతులన్నీ చాయ్ మరకలు. పైనుంచి పోస్తే పట్టుకోవడం పాపం వాళ్లకేం తెలుసు? తాగిన కప్పులు కడగకుండా కింద పెట్టారు. కడిగితే అన్యాయాన్ని ఒప్పుకున్నట్టట. తాగింది పెద్ద కులాలవాళ్లు, కప్పులేమో మావి. ముట్టుకుంటే మైలని సేఠ్ వాటి చుట్టూ తిరుగుతున్నాడు. లోపల కూర్చున్నవాళ్లు కూడా తమాషా చూడటానికి బయటికొచ్చారు.

"నేను కడుగుత తీయుండ్రి," అన్నాడు బాపు.

వకీలు చేతులు జోడించాడు. "వద్దు పెద్దాయనా, మీరు కడిగితే మనం ఓడిపోయినట్టే."

"మరి నా చాయ్?"

"జర ఓపిక పట్టాలె."

నాకు ఒళ్లు మండింది. మాకోసం పోరాడే మహానుభావులు మా కప్పులే ఆక్రమించుకొని, మా బాపును నోరెండబెట్టి నిలబెట్టారు. ఇంటికి పోదామంటే ఆయన కదలడు.

చివరికి సేఠ్‌కే విసుగొచ్చింది. "నీకేం గావాలెరా?"

"చాయ్, సేఠ్."

"కప్పుల్లేవు."

"గా సంగతి ఎర్కే."

సేఠ్ బయటి గుంపును చూశాడు, ఖాళీగా ఉన్న లోపలి బల్లలను చూశాడు. "లోపటికి పోయి గూసో. ఈడ పెద్దోళ్లున్నరు, ఆళ్లకు తాకుతవు," అన్నాడు.

బాపు బల్ల కొసన కూర్చున్నాడు. ఇత్తడి గ్లాసులో చాయ్ వచ్చింది. బయట ఒకరు చప్పట్లు కొట్టబోతే, చప్పట్లు కొడితే ఇజాజత్ లేని సభ కింద లెక్కవుతుందని వకీలు అతని చెయ్యి పట్టుకున్నాడు. బాపు ఎవరినీ చూడలేదు, మెల్లగా తాగాడు.

తాగి లేచి, కడగడానికి నీళ్లకోసం చుట్టూ వెతికాడు. లోపలి గ్లాసులు సేఠే తీసుకుంటాడు. అలవాటుగా వచ్చి చెయ్యి చాపాడు. బాపు గ్లాసును రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.

"ఇయ్యిరా."

"ఎంగిలిది, సేఠ్," అన్నాడు బాపు.

చాపిన చెయ్యి అట్లాగే ఉంది. తాగిన గ్లాసు ఇంకొకరి చేతికి ఎట్లా ఇవ్వాలో మా బాపుకు తెలియదు.