ముందే వచ్చిన ‘తుంగ్గు’

తైపింగ్ ఊళ్ళో జంహారి ఎవరంటే ఎవరూ చెప్పలేరు. జుట్టు మెకానిక్ అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా చెయ్యి చూపిస్తారు, అదిగో మార్కెట్ వెనక రేకుల షెడ్డు అని. యాభై ఏడేళ్ళ మనిషికి భుజాలు దాటిన జుట్టు. నడినెత్తి మీద ఎప్పుడో ఖాళీ అయిపోయింది. ఆ సంగతి అతను ఒప్పుకోడు గాని, తలమీంచి దిగని టోపీ ఒప్పుకుంటుంది.

పెళ్ళయింది. చాలా ఏళ్ళు ఉంది ఆవిడ. పెద్ద గొడవేమీ జరగలేదు. “నీతో ఒక మాట చెప్పాలంటే ముందు ఆ పాట అయిపోవాలి. అది ఎప్పటికీ అయిపోదు” అని కూతుర్ని తీసుకుని క్లాంగ్‌లో ఉన్న అక్క దగ్గరికి వెళ్ళిపోయింది. రాయా పండగనాడు కూతురు ఫోన్ చేస్తుంది. “తిన్నావా నాన్నా?” అంటుంది. తిన్నానంటాడు. అక్కడితో ఇద్దరి దగ్గరా మాటలు అయిపోతాయి.

ఆ పాట తెబింగ్ అనే రాక్ బృందం వాళ్ళది. పక్కనే కువాలా కాంగ్సార్ నుంచి వచ్చిన నలుగురు కుర్రాళ్ళు. బిగుతు జీన్సు, తెల్ల బూట్లు, గొంతు చిరిగిపోయే కేక. అప్పట్లో ఊరికి పదిమంది అలాంటి వాళ్ళుండేవారు, నిజమే. కాని ‘చిల్లు పడవ’ పాట ఒక్క తెబింగ్ వాళ్ళకే ఉంది. ఆ పాటలో తప్పు ఉంది.

గిటారు మోత అయిపోయాక కాసేపు డ్రమ్ములొక్కటే నడవాలి. తర్వాత బృందంలో పాడేవాడు, హమ్దాన్, ‘తుంగ్గు’ అని అందుకోవాలి. తుంగ్గు అంటే ఆగు. క్యాసెట్టు చేసిన రోజు హమ్దాన్ తొందరపడ్డాడు. డ్రమ్ములు మొదలవగానే ‘తుంగ్గు’ అనేశాడు. తప్పు తెలిసి టక్కున నోరు మూసుకున్నాడు. మళ్ళీ అసలు చోటు వచ్చాక, ఈసారి గుండె పగిలేలా, ‘తుంగ్గు!’ అన్నాడు. ఇంకోసారి పాడించే ఓపిక స్టూడియో వాళ్ళకి లేదు. క్యాసెట్టు అలాగే బజారుకి వచ్చింది. వినేవాళ్ళకి ఎలా ఉంటుందంటే, మనిషి తనని తాను ఆగమన్నట్టు, ఆగినట్టు, ఆగలేక బద్దలైనట్టు ఉంటుంది.

ఆ తర్వాత ప్రతి కచేరీలోనూ ముందొచ్చే తప్పు తుంగ్గు జనానిది. హాలంతా ఒక్క గొంతుతో అరిచేది. అరిచి, ఊపిరి బిగబట్టేది. వేలమంది ఒకేసారి నోరు మూసుకుని డ్రమ్ములు వినేవారు, హమ్దాన్ అందుకునేదాకా. జంహారికి అరుపు కంటే ఆ మౌనం ఇష్టం. అరుపు సంగతి స్నేహితుడు ఇద్రుస్ చూసుకునేవాడు. వాడి గొంతు బస్సు హారను.

తర్వాత బృందం విడిపోయింది. ఏళ్ళు గడిచాయి. ఈ ఏడు మళ్ళీ కలిశారని రేడియోలో చెప్పారు. జంహారి చేతిలో పానా అలాగే పట్టుకుని ఇద్రుస్ రొట్టెల కొట్టుకి పరిగెత్తాడు.

“ఒరేయ్, తెబింగ్ వాళ్ళు ఇపోలో పాడుతున్నారు! రెండు టికెట్లు తీసేస్తున్నా.”

ఇద్రుస్ పిండి ముద్దని గాల్లోకి విసిరి పల్చగా పరుస్తున్నాడు. “హమ్దాన్ ఉన్నాడా?”

“లేడు. కెలంతాన్‌లో పిల్లలకి ఖురాన్ చెబుతున్నాడట. ఎవరో కొత్త కుర్రాడు. హాకిమీ.”

“సంబల్ కారం లేని నాసి లెమాక్ తినడానికి ఇపో దాకా పొమ్మంటావు.”

“అన్నం అదే కదరా!”

“అన్నం మా ఇంట్లోనూ ఉంది. ఎప్పుడది?”

“వచ్చే ఆదివారం మధ్యాహ్నం.”

ఇద్రుస్ పెనం మీద రొట్టె వేసి, నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. “ఆ రోజు మనవడి సున్తీ విందు. కార్డు నీ చేతికే ఇచ్చా, దాంతో గ్రీజు తుడుచుకున్నావా? వెనక బిర్యానీ డేగ్‌చీ దగ్గర నిలబడాల్సినవాడివి నువ్వు. నన్నే లాక్కుపోతానంటున్నాడు చూడండి, సిగ్గులేని సన్నాసి!”

బల్లల దగ్గరున్నవాళ్ళు నవ్వారు. జంహారీ నవ్వాడు. “తుంగ్గు దగ్గర నువ్వు లేకపోతే ఎలారా?” అన్నాడు, మెల్లిగా. పెనం చప్పుడులో అది ఇద్రుస్‌కి వినబడలేదేమో.

స్నేహితుడి ఇంటి విందా, పాటా అని నాలుగు రోజులు కొట్టుకున్నాడు. చివరికి పాటే అన్నాడు. ఎందుకంటే, ఆ తప్పు తెలిసినవాళ్ళు ఇంకా మిగిలారో లేదో అతనికి చూడాలనుంది. నిజం చెప్పాలంటే ఇపో వెళ్ళింది దానికే, గిటారు వినడానికి కాదు. హాలు నిండా ఒక్కడు చాలు, తనతోపాటు అరిచేవాడు. షెడ్డులో రేడియో ఎంత గట్టిగా పెట్టుకున్నా, అరిచేది ఒక్కడే అయితే దాన్ని పాట అనరు, పిచ్చి అంటారు.

ఆదివారం పాత జీన్సు బొత్తాం అందలేదు. బెల్టుతో కట్టేసి, చొక్కా మీదకి దించాడు. వందసార్లు రిపేరు చేసిన తన యమహా మీదే వెళ్ళాడు. గేటు దగ్గర పిల్లవాడు టికెట్లు చూసి, “రెండో ఆయన ఏరి?” అన్నాడు.

“వస్తున్నాడు” అన్నాడు జంహారి.

లోపల జనం బాగానే ఉన్నారు. తన ఈడువాళ్ళు కొందరు భార్యల్నీ, ఎదిగిన పిల్లల్నీ తెచ్చుకుని, వెనక కుర్చీల్లో చల్లటి సీసాలు పట్టుకుని కూర్చున్నారు. ముందు నిలబడ్డవాళ్ళంతా కుర్రకారు. జంహారి వాళ్ళ మధ్యలోకి దూరాడు. పక్కన తల మీద నల్ల గుడ్డ కట్టుకున్న అమ్మాయి, “బాబాయ్, ఒక్క ఫోటో తీస్తారా?” అంటూ ఫోను చేతిలో పెట్టింది. ఆరుగురు స్నేహితులు ఒకరి మెడ మీద ఒకరు పడి నిలబడ్డారు. తీశాడు. “ఇంకోటి బాబాయ్, వీడు కళ్ళు మూశాడు.” ఇంకోటి తీశాడు. “మీరొక్కరే వచ్చారా?” అంది ఆ పిల్ల.

“ఫ్రెండు బయట బండి పెడుతున్నాడు.”

హాకిమీ వచ్చాడు. పొట్టి క్రాపు. మంచి గొంతు, అందులో అబద్ధం లేదు. హమ్దాన్ అందుకోలేక జారిపోయే చోట్లు కూడా ఈ కుర్రాడు నడుచుకుంటూ వెళ్ళినట్టు అందుకున్నాడు. తిడదామని వచ్చిన జంహారికి తిట్టడానికి ఏమీ దొరకలేదు. అదీ ఒక బాధే.

చివర్లో ‘చిల్లు పడవ’ మొదలుపెట్టారు. కుర్రాళ్ళకి ముక్కముక్కా వచ్చు. జంహారి ఒళ్ళు పులకరించింది. గిటారు పైకి పోయింది, ఇంకా పైకి పోయింది, ఆగింది. డ్రమ్ములు మొదలయ్యాయి.

“తుంగ్గు!” అని అరిచాడు జంహారి, పొట్టలోంచి.

ఎవరూ అరవలేదు.

అరిచాక మౌనం రావాలి. వచ్చింది. కాని అది అందరూ కలిసి పట్టుకున్న మౌనం కాదు, ఒక మనిషి ఏదో చేశాడని తలలు తిప్పి చూసే మౌనం. వెనక కుర్చీల వైపు చూశాడు. తన ఈడువాళ్ళు సీసాలు పట్టుకుని చూస్తున్నారు. ఒకాయన పెదాలు కదిలినట్టనిపించింది. చూస్తే నములుతున్నాడు.

వేదిక మీద హాకిమీ మైకు దగ్గరికి లాక్కుని, “ముందున్న పెద్దాయన నాకంటే తొందరలో ఉన్నారు! ఆగండి బాబాయ్, నా చోటు ఇంకా రాలేదు!” అన్నాడు. ప్రేమగానే అన్నాడు. హాలంతా నవ్వింది. పాత డ్రమ్ముల మనిషి ఒక్కడికి తెలియాలి అసలు సంగతి. అతను చెవుల్లో ఏవో బిరడాలు పెట్టుకుని, తల వంచుకుని వాయిస్తున్నాడు. బయటి లోకం అతనికి వినబడే వీలే లేదు.

సరైన చోటు వచ్చింది. హాకిమీ ‘తుంగ్గు’ అన్నాడు, సరిగ్గా. కుర్రాళ్ళంతా అందుకున్నారు, సరిగ్గా.

“ఈసారి ఈ పాట కొత్తగా చేశారు బాబాయ్, మీరు కంగారుపడ్డారు. ఫోన్లో వినండి, ప్రాక్టీసైపోతుంది” అంది పక్కనున్న పిల్ల, ఓదార్పుగా.

“పాతదాంట్లో అక్కడ ఇంకో తుంగ్గు ఉంటుందమ్మా.”

“లేదు బాబాయ్, పాతదీ విన్నా నేను. లేదు.”

ఆమె తన ఫోన్లో చూపించింది. శుభ్రం చేసి మళ్ళీ వదిలారట పాతదాన్ని కూడా. తప్పు ఉన్న చోట ఇప్పుడు డ్రమ్ములొక్కటే ఉన్నాయి. చెవికి ఆనించుకుని రెండుసార్లు విన్నాడు. ఫోను తిరిగి ఇచ్చేసి, “థాంక్సమ్మా” అన్నాడు. చివరిదాకా ఉన్నాడు.

సోమవారం పొద్దున్నే ఇద్రుస్ కొట్టుకి వెళ్ళాడు, తిట్లు తినడానికి సిద్ధమై. ఇద్రుస్ తిట్టలేదు. డబ్బాలో దాచిన రెండాంగ్ మాంసం కూర వేడిచేసి, రొట్టెతోపాటు ముందు పెట్టాడు. “నీ వాటా. మా ఆవిడ తీసిపెట్టింది. డేగ్‌చీ దగ్గర మా బావమరిదిని పెట్టా, అడుగంటించాడు వెధవ. ఎలా పాడాడు మీ కుర్రాడు?”

“బాగానే పాడాడు. తుంగ్గు సరిగ్గా పాడాడు.”

“మంచిదేగా.”

“సరిగ్గా పాడాడురా ఇద్రుస్. తప్పు పాడలేదు.”

“తప్పు పాడకపోతే నీ ఏడుపేంటి?”

జంహారి వాడి మొహంలోకి చూశాడు. ఆట పట్టించేటప్పుడు ఇద్రుస్‌కి ఎడమ కన్ను సగం మూసుకుపోతుంది. ఇప్పుడు రెండు కళ్ళూ తెరిచే ఉన్నాయి.

“మొదటి తుంగ్గు. నువ్వు అరిచేది.”

“నేనా? ఎక్కడ?”

కొత్తవాడికి చెప్పినట్టు మొదట్నుంచీ చెప్పుకొచ్చాడు జంహారి. హమ్దాన్ తొందర, స్టూడియో, జనం ఊపిరి బిగబట్టడం. చెంచాతో బల్ల మీద డ్రమ్ములు కొట్టి మరీ చూపించాడు, ఇదిగో ఇక్కడ అని. ఇద్రుస్ పెనం మంట తగ్గించి శ్రద్ధగా విన్నాడు. పక్క బల్ల దగ్గర టీ తాగుతున్న లారీ డ్రైవరు ఎవరో, అతనూ విన్నాడు.

“భలే ఉందే! మనం అలా చేసేవాళ్ళమా?” అని ఇద్రుస్ పెద్దగా నవ్వాడు. లారీ డ్రైవరు కూడా నవ్వాడు.

ఇద్దరి నవ్వూ ఒకేలా ఉంది.

జంహారి రొట్టె తుంపి రెండాంగ్‌లో ముంచుకున్నాడు. ఇద్రుస్ భార్య వంట ఎప్పుడూ బాగుంటుంది. బాగుందని ఆవిడకి చెప్పమన్నాడు.