డేగ సారు అద్దం

ఆ రోజుల్లో మెదక్‌లో జరిగిన ఒక మహా సంగ్రామం గురించి చెప్పబోతున్నాను. దొంగలు, నిఘా, ఎత్తులు, పైఎత్తులు అన్నీ ఉంటాయి, సర్దుకుని కూర్చోండి. (నిజానికి ఉన్నది ఒక అద్దం, ఒక ముసలాయన, కొన్ని పల్లీ బస్తాలు. ఇక కాళ్లు చాపుకోవచ్చు.)

నేను విత్తనాల గోదాంలో కొత్తగా గుమాస్తాగా చేరాను. మేనేజరును మేమందరం చాటుగా డేగ సారు అనేవాళ్లం. ఆయన కుర్చీలోంచి దూరాన ఉన్న పెద్ద చర్చి శిఖరం కనిపించేది గానీ, వీపు వెనకే ఉన్న గోదాం తలుపు కనిపించేది కాదు. అప్పుడప్పుడూ బస్తాలు మాయమవుతుండటంతో అనుమానమంతా కాపలా తాత మీద పడింది. "ఇంకొక్క బస్తా పోయిందంటే ఖాకీ కోటు ఈడ విడిచి ఇంటికి పోవుడే" అన్నారు సారు. తాతకు నౌకరీ అన్నా, చలికి అడ్డం అన్నా ఆ కోటే.

సారు హైదరాబాద్ నుంచి బస్సులో నిలువెత్తు అద్దం తెప్పించి, ఎదురు స్తంభానికి ఏటవాలుగా బిగించారు. మెడ తిప్పకుండానే తలుపూ, తాతా కనిపిస్తారు. "ఇగ చీమ గూడ తప్పించుకోదు, సూడు!" అన్నారు. చీమల సంగతి తెలియదు గానీ, విత్తనాలకొచ్చిన రైతులు మాత్రం తల రుమాళ్లు సర్దుకోకుండా దాని ముందునుంచి కదిలేవారు కాదు.

తాత దాన్ని తీరిగ్గా చూసి నాతో అన్నాడు: "చిన్నసారూ, అండ్ల నేను సారుకు కనవడితే, సారు నాకు కనవడడా?"

కనబడేవారు. ముఖ్యంగా భోజనం తర్వాత, గడ్డం ఛాతీకి ఆనించి.

ఒక మధ్యాహ్నం పెద్దాఫీసరు జీపు గేటు దగ్గర ఆగింది. వచ్చిందే తాతను ఉంచాలా, తీసేయాలా అని తేల్చడానికి. అద్దంలో సారు గుర్రు కొడుతున్నారు. తాత ఊరుకుంటే చాలు, తీర్పు సారు మీదికే తిరగబడేది. తాత మాత్రం కర్రతో తలుపును గట్టిగా కొట్టాడు. సారు లేచి నిలబడ్డారు, ఆఫీసరు లోపలికి అడుగుపెట్టడానికి ఒక్క క్షణం ముందు.

"ఎందుకు లేపినవ్ తాతా?" అన్నాను మెల్లగా.

"గోదాం కాపల నాది. సారు గూడ గోదాంల సామానే గద బిడ్డా."

ఆఫీసరు అద్దాన్ని మెచ్చుకున్నారు (మీసం దువ్వుకున్నారు కూడా). తర్వాత గోదాం లోపలంతా తిరిగి, తాంబూలం ఉమ్మడానికి చోటు వెతుక్కుంటూ అటు చివర, అద్దంలో పడని వెనక తలుపు నెట్టారు. అది మర్యాదగా తెరుచుకుంది. అవతల సందు. ఎప్పుడూ మూసే ఉంటుంది కాబట్టి, దానికి గడియ ఉందా లేదా అని ఎవరమూ చూడలేదు.

"కోటు ఉంచుకో తాతా" అన్నారు సారు, అద్దం వంక చూడకుండా.

ఇప్పటికీ ఎక్కడైనా పెద్ద అద్దం ఎదురైతే, అవతల నుంచి నన్నెవరు చూస్తున్నారా అని వెతుక్కుంటాను. కనిపించేది నేనే, తల నెరుస్తూ. నవ్వొస్తుంది.

ఆఫీసరు వచ్చివెళ్లిన మర్నాడు వెనక తలుపుకు గడియ బిగించారు. స్క్రూలు చాలకపోతే అద్దానివి ఊడదీశారు.