వాగు వంతెనకు మెట్లెందుకు పెట్టానంటే

మొన్న సాయంత్రం కృష్ణ ఒడ్డుకు నడిచి వెళుతూ వంతెన మెట్ల దగ్గర మోకాళ్ళు పట్టుకుని ఆగితే, వెనకాల వస్తున్న ఒక పెద్దావిడ, "ఈ మెట్లు పెట్టినోడెవడో, వాడి దుంపతెగ!" అని తిట్టిపోసింది. పెట్టింది వాడు కాదు, నేనే. ఆ మాట ఆవిడతో చెప్పలేదు గాని, మీతో చెప్పుకోవాలనిపించింది.

మా ఊరికీ కృష్ణకూ మధ్య ఒక వాగుంది. వానాకాలంలో అది పొంగితే ఏటికి పోయే దారే ఉండేది కాదు. ఒకసారి బట్టలుతకను పోయిన తల్లీకూతుళ్ళు కొట్టుకుపోయాక, నడిచి దాటేందుకు వంతెన మంజూరై, కొత్తగా ఇంజనీరు ఉద్యోగంలో చేరిన నాకే దాని నమూనా గీసే పని అప్పగించారు.

అందరికంటే సంబరపడింది ఊరి పెత్తనం చేసే మా మేనమామ. రోజూ ఇంటికొచ్చి, మంచం మీద పరిచిన కాగితాల మీదికి వంగి చూసేవాడు. "ఏందే, ఇంత ఇరుకా? రేపు పెళ్ళి ఊరేగింపు పోవద్దా? ఇంకా ఎడల్పు గీయి," అనేవాడు. ఏటివైపు ఊరేగింపు పోవడం నేను పుట్టి ఎరగను. ఆయన ప్రేమగా తెచ్చిన జామకాయలు తింటూనే, ఈయనకెందుకింత ఆత్రమని లోలోపల పీకుతూ ఉండేది.

పునాదుల చోటు చూడటానికి అవతలి గట్టుకు పోయిన రోజున, తుమ్మచెట్లు కొట్టేసి ఏటి ఇసుకలోకి చదును చేసిన దారి కనిపించింది. అక్కడ వల ఆరేసుకుంటున్న ఒకామెను అడిగితే, "మీ మామే గదమ్మా కొట్టించింది! వంతెన పడితే ట్రాక్టర్లు వస్తయ్యంట," అంది. ఆ ఎడల్పు ఊరేగింపుకు కాదు, ఇసుక తోలే ట్రాక్టర్లకని అప్పుడర్థమైంది.

ఇంటికొచ్చి వెడల్పు పెంచలేదు సరికదా, రెండు కొసలా మెట్లు గీశాను. పై అధికారి కారణం విని సంతకం పెట్టాడు. మామయ్య మాత్రం వాకిట్లోనే నిలబడి, "సొంత మేనమామనే అనుమానిస్తావటే!" అని అరిచాడు. "దారి చూసొచ్చాక ఇంక అనుమానమేముంది మామయ్యా?" అన్నాను. అమ్మ తలుపు చాటున ఏడ్చింది. ఆయన మళ్ళీ మా గడప తొక్కలేదు.

ఏళ్ళ తరవాత అమ్మ అస్థికలు కలపడానికి పోయేటప్పుడు, పిలవకుండానే వచ్చి ఆ మెట్లెక్కాడు. సగంలో ఆయాసపడుతుంటే చెయ్యందించాను. పట్టుకుని, "గట్టిగానే కట్టావే," అన్నాడు. మెచ్చుకున్నాడో, ఎత్తిపొడిచాడో నాకిప్పటికీ తేలలేదు. అడుగుదామనుకుంటుండగానే ఆయనా పోయాడు.

ఇప్పుడు ఏటి ఎగువన ఎక్కడో ఇసుక తోడే యంత్రాల మోత పొద్దస్తమానం వినిపిస్తూనే ఉంటుంది. ఎవరివని అడిగితే, తెలిసినవాళ్ళు కూడా మాట మార్చేస్తారు. ఆ రోజుల్లో ఎవరిని అనుమానించాలో తెలిసేది, అడిగితే ఆ మనిషి మన వాకిట్లో నిలబడి పోట్లాడేవాడు. ఇప్పుడు అనుమానం ఊరంతా ఉంది గాని, పోట్లాడదామంటే ఎదురుగా మనిషే లేడు.