ఎడమ బూటు గీసిన గీత

1991 నవంబర్. పొద్దున పదకొండు గంటల పది నిమిషాలు. హెలికాప్టర్ మమ్మల్ని కింది ప్యాడ్ మీద దించింది. రెక్కలు ఆపకుండనే తిరిగి పోయింది. ఎత్తు పద్నాలుగు వేల అడుగులు. చలి సున్నాకు పదకొండు కింద. ప్యాడ్ నుంచి మా ఆర్మీ పోస్ట్‌కు మూడు వందల మీటర్ల ఎక్కుడు. మా ఊరు పెర్కిట్ల గంత దూరానికి ఆటో పిలుస్తరు. నాకు నలభై నిమిషాలు పట్టింది.

గా పోస్ట్ ఏడున్నదో చెప్పను. చెప్పినా మీకు బస్సు దొరకదు.

పదకొండు మందిమి. మూడు బంకర్లు. ఒకటి పండుకునేందుకు, ఒకటి వంటకు, ఒకటి రేడియోకు. వంట బంకర్‌కు నూట ఎనభై అడుగుల కింద కిరోసిన్ డంపు. మంచు కరగబెట్టి నీళ్లు చేసుకోవాలన్నా, అన్నం ఉడకాలన్నా, వేళ్లు కొయ్యబారకుండ ఉండాలన్నా కిరోసినే. రోజుకు నాలుగు జర్రికేన్లు. ఒక్కోటి ఇరవై లీటర్లు.

పోస్ట్ కమాండర్ సుబేదార్ సాబ్. మొదటి రోజే అడిగిండు.

"కిరోసిన్ ఎవరు మోస్తరు?"

"నేను, సాబ్."

"ఒక్కనివే?"

"సాబ్, మా ఊర్ల దీన్ని బరువు అనరు, చేతిసంచి అంటరు."

మేం మాట్లాడుకునేది హిందీల. మీ కోసం మన మాటల్ల రాస్తున్న. ఇంటికాడి నుంచి పసుపు పొట్లం తీస్కపోయిన, గందుకని నాకు 'హల్దీ' అని పేరు పెట్టిండ్రు. హల్దీ అంటే పసుపే. పోయినేడు ఒకడు ఊరగాయ తెచ్చిండట, వాని పేరు విన్నంక నాది నయమే అనిపించింది.

జర వెనుకకు పోవాలె. ఎనిమిదో తరగతిల నేను బడి ఇడిచిపెట్టిన, బడి గూడ నన్ను పెద్దగ ఆపలేదు. ఆర్మూర్ గంజ్ల, అంటే మార్కెట్ యార్డుల, హమాలీ పనికి పోయిన. పసుపు బస్తా డెబ్బై కిలోలు. ఇద్దరు లేపి వీపు మీద పెడ్తరు. వంగి నడుస్తవు. బస్తాల వరుస కాడికి పోయినంక నడుం ఒక్క మెలిక తిప్పి బస్తాను విసిరేస్తవు. కాళ్లు కదలొద్దు, నడుమే తిరగాలె. అట్ల చేస్తే పని జల్ది అయితది. నాకు గా మెలిక నేర్పింది మా జట్టు మేస్త్రి.

జట్టుల ఒక కట్టుబాటు ఉండె. పని మీద 'నడుం' అనే మాట నోటికి రావద్దు. వచ్చిందంటే మరునాటి నుంచి నువ్వు కాంటా కింద ఊడ్చే పనికి పోతవు. మేస్త్రి అనేటోడు: "నడుం ఉన్నదని యాదికొచ్చినోడు చీపురు పట్టుకోవాలెరా." ఆయన నవ్వుకుంటనే అనేటోడు. మేం మాత్రం నవ్వేటోళ్లం కాదు.

ఆరేండ్లకు ఆర్మీల చేరినంక గూడ గా కట్టుబాటును నేను పద్నాలుగు వేల అడుగుల దాకా మోసుకపోయిన. దానికి బరువు లేదనుకున్న.

పోస్ట్ మీద ఇంకో పని గూడ పెట్టుకున్న. పాత ఇనుప పైపు ఒకటి దొరికింది. రెండు దిక్కులా రాళ్లు నింపిన జర్రికేన్లు కట్టిన. పొద్దున ఆరున్నరకు బంకర్ ముంగట ఎత్తుడు, దించుడు. పోస్ట్ మీద డ్యూటీ అయినంక యూనిట్ వెయిట్‌లిఫ్టింగ్ జట్టు సెలెక్షన్ ఉండె. లిస్టుల నా పేరు ఉండె. చిన్నప్పటి నుంచి నాకు వచ్చిన విద్య ఒక్కటే, బరువు లేపుడు. గది పోతే నా తాన ఇంకేం మిగలదు.

మూడో వారం. పొద్దున ఎనిమిదింపావు. జర్రికేన్‌ను వంట బంకర్ల అరుగు మీద పెట్టాలె. అలవాటు ప్రకారం కాళ్లు కదపకుండ నడుం తిప్పిన. పిర్ర కాడ ఏదో పట్టింది. ఆ తర్వాత కరెంటు తీగ తగిలినట్టు తొడ వెనుక నుంచి పిక్కలకు, పిక్కల నుంచి మడిమె పక్కకు దిగింది. ఎడమ కాలు.

వంటాయన పప్పు కలుపుతున్నడు. "ఏమైంది హల్దీ?"

"ఏం లేదు. మీ పప్పు వాసన తగిలింది."

గట్ల ఒక జోకు ఏసి తప్పించుకున్న. అటెన్క రెండు నెలలు జోకుల మీదనే నడిచిన. తుమ్మితే కాలుల మంట. కూసుంటే ఎక్కువ, నడిస్తే జర తక్కువ. పొద్దున బూట్లు కట్టుకునుడే పెద్ద యుద్ధం. పైపు మాత్రం ఇడవలేదు. ఇడిస్తే అడుగుతరు. నొప్పి ఎంత లేస్తే అంత గట్టిగ లేపిన. మూర్ఖత్వానికి సున్నాకు పదకొండు కింద గూడ గడ్డ కట్టే గుణం లేదు.

జనవరి. వంటాయనకు రెండు దినాల నుంచి దగ్గు. మూడో దినం మధ్యాహ్నం పన్నెండు ఇరవైకి శ్వాసల గురగుర మొదలైంది. పెదవులు నీలంగ అయినయి. మా నర్సింగ్ అసిస్టెంట్ కేరళ మనిషి, మేమందరం 'డాక్టర్' అని పిలిచేది. ఛాతికి చెవి ఆనించి విన్నడు.

"ఊపిరితిత్తులల్ల నీరు. ఎత్తు తోని వచ్చే రోగం. కిందికి దించితేనే బతుకుతడు."

రేడియో ఆపరేటర్ సెట్ పట్టుకున్నడు. "రెండు గంటలకు హెలికాప్టర్. ప్యాడ్ మీద పది నిమిషాలే. మబ్బు వస్తున్నది. ఓవర్."

సుబేదార్ సాబ్ అందరినీ నిలబెట్టిండు. "స్ట్రెచర్‌కు నలుగురు కావాలె. కాలుకో నడుముకో తక్లీఫ్ ఉన్నోడు ఇప్పుడే చెప్పుండ్రి. సిగ్గు పడే పని లేదు."

డాక్టర్ నా దిక్కు చూసిండు. నేను నా చేతి తొడుగుల దిక్కు చూసిన. 'నడుం' అనే మాట నోటి దాకా వచ్చింది. కాంటా కింద చీపురు కనబడ్డది. మింగేసిన.

"ముందు ఎడమ పక్క నేను, సాబ్."

ఒకటీ పదికి బయలుదేరినం. వంటాయన అరవై రెండు కిలోలు. పసుపు బస్తా కన్న తక్కువ. గంజ్ల నేను ఒక్కన్నే మోసే బరువును ఇక్కడ నలుగురం మోస్తున్నం. రెండు వందల మీటర్లు దిగినం. దారి అక్కడ కుడికి మలుగుతది. ఎడమ కాలు ఏసిన. భూమి తగిలిందా లేదా తెల్వలేదు. మోకాలు మడత పడ్డది. స్ట్రెచర్ ఒరిగింది. పట్టీ జారింది. వంటాయన మంచు మీద పది అడుగులు జారి ఒక మంచు దిబ్బకు తగిలి ఆగిండు. ఇంకో ఆరు అడుగులు పోతే దిబ్బ లేదు. కింద లోయనే.

డాక్టర్ దుంకిండు. నేను పాకుకుంట పోయిన. వంటాయన కండ్లు తెరిచిండు. మాట సగం గాలే.

"హల్దీ... నన్ను గూడ బస్తా అనుకున్నవా?"

ఆయన చంకల కింద చేతులేసి, డాక్టర్‌తోని కలిసి స్ట్రెచర్ దిక్కు గుంజిన.

రెండు గంటల నాలుగు నిమిషాలకు ప్యాడ్ చేరినం. పైలట్ ఆగిండు. వంటాయనను ఎక్కించుకొని కిందికి తీస్కపోయిండు. నా తావుల రేడియో ఆపరేటర్ మోసిండు. నేను వెనుక కుంటుకుంట వచ్చిన.

మరునాడు పొద్దున ఏడుంపావు. రాత్రి మంచు పడి ఆగింది. ఎప్పటిలెక్క ఒక క్యాన్ తెచ్చి పెట్టిన. సుబేదార్ సాబ్ బంకర్ బయట నిలబడి పిలిచిండు.

"ఇటు రా. వెనుకకు తిరుగు. చూడు."

చూసిన. డంపు నుంచి పైదాకా కొత్త మంచు మీద నా అడుగులు. కుడి బూటు గుర్తులు సాఫుగ ఉన్నయి. ఎడమ బూటు గుర్తు గుర్తుకూ నడుమ ఒక గీత. కాలు లేవకుండ ఈడ్చిన గీత. కింది నుంచి పైదాకా, ఎవలో కట్టెతోని గీసినట్టు.

"ఈ దారిల పది మంది నడుస్తరు," అన్నడు. "ఒక్కడు రాస్తడు."

"ఎప్పటి నుంచి చూస్తున్నరు, సాబ్?"

"డిసెంబర్ నుంచి. నువ్వే చెప్తవని ఆగిన. నిన్న అడిగిన గూడ. నువ్వు చెప్పలే. తెలిసి నేను పంపిన. తప్పుల నాకు గూడ సగం ఉన్నది."

రెండు నెలలు దాచిన అనుకున్న. ప్రతి దినం పొద్దుగాల నా చేతులతోని కాదు, నా కాలుతోనే రాసి పెట్టిన. నేనే ఒక్కసారి గూడ వెనుకకు తిరగలేదు. వీపు మీద బరువున్న హమాలీ వెనుకకు తిరగడు.

డాక్టర్ పండుకోబెట్టి ఎడమ కాలు చక్కగ పైకి లేపిండు. జానెడు లేవంగనే కేక ఏసిన. మడిమెల మీద నడువుమన్నడు. నడిచిన. బొటనవేలు బలం చూసిండు, జర తక్కువ.

"ఒంటికి పోయేటప్పుడు ఆగుతున్నదా? కూసునే కాడ తిమ్మిరి ఉన్నదా?"

"లేదు."

"ఉన్నట్టయితే గిక్కడనే మోకాళ్ల మీద కూసొని హెలికాప్టర్ కోసం దండం పెట్టేటోన్ని. దీన్ని సయాటికా అంటరు. నడుం ఎముకల నడుమ నరం నలుగుతది, నొప్పేమో కాలుల తెలుస్తది."

సుబేదార్ సాబ్ ఆర్డర్ రెండు ముక్కలు. వచ్చే హెలికాప్టర్ దాకా టైమ్. అప్పటికి కాలు దారికి రాకుంటే కిందికి పోవుడు, 'పూర్తి ఫిట్ కాదు' అని మెడికల్ కేటగిరీ రాసుడు. కేటగిరీ పడ్డదంటే సెలెక్షన్ లిస్టుల నా పేరు ఉండదు. మబ్బు పందొమ్మిది దినాలు పోలేదు. నా అదృష్టం అంటే గట్లుంటది, అందరికీ ఉత్తరాలు ఆగినయి.

"పైపు బంద్ చెయ్యాల్నా?" అడిగిన.

"బంద్ చేస్తే నడుం ఇంకా మెత్తబడ్తది," అన్నడు డాక్టర్. "లేపు. కానీ నీ గంజ్ లెక్క కాదు."

పైపును నేల మీద కాదు, రెండు మందుగుండు పెట్టెల మీద పెట్టించిండు. మోకాళ్ల ఎత్తు నుంచి లేపుడు. రాళ్లు సగం తీసేసిండు. బరువు కడుపుకు ఆనుకొని రావాలె. నడుం వంచుడు కాదు, పిర్రలు వెనుకకు పెట్టాలె. తిరగాల్నంటే పాదాలు తిరగాలె. పొద్దున లేచినంక గంట దాకా వంగుడు లేదు. కిరోసిన్ సగం క్యాన్, రెండు ట్రిప్పులు. ఒక లెక్క చెప్పిండు, నాకు బడిల అర్థమైన లెక్కలన్నిటికంటే మంచిగ అర్థమైంది: నొప్పి పాదం నుంచి నడుం దిక్కు వెనుకకు వస్తుంటే పని సాగనియ్యి. నడుం నుంచి పాదం దిక్కు దిగుతుంటే బరువు కింద పెట్టు.

రేడియో ఆపరేటర్ గా నొప్పికి 'గస్తీ పార్టీ' అని పేరు పెట్టిండు. పొద్దున నేను పైపు కాడికి పోంగనే బంకర్ల నుంచి ఒర్లేటోడు.

"హల్దీ, గస్తీ పార్టీ ఏడున్నది? ఓవర్!"

"పిక్కల కాడ. వెనుకకు వస్తలేదు. ఓవర్."

ఎనిమిదో దినం: "మోకాలు దాటింది. ఓవర్." పద్నాలుగో దినం: "తొడ కాడ టెంట్ ఏసింది. ఓవర్." ఒక దినం రాయి ఎక్కువ కట్టిన. మల్లా మడిమెకు దిగింది. "గస్తీ పార్టీ పారిపోయింది," అని చెప్పిన. సుబేదార్ సాబ్ వచ్చి గా రాయి తీసి లోయల పారేసిండు.

పదహారో దినం కింది నుంచి వార్త. వంటాయన లేచి కూసున్నడు. రేడియో ఆపరేటర్ చదివిండు: "హల్దీకి చెప్పుండ్రి. నేను బతికిన. అరుగు మీద పప్పు డబ్బా ఉన్నది, నడుం తిప్పకుండ దించుమనుండ్రి."

గప్పుడు నవ్విన. కండ్లల్ల నీళ్లు గూడ వచ్చినయి, చలికి గడ్డ కట్టినయి.

ఇరవయ్యో దినం హెలికాప్టర్ దిగింది. డాక్టర్ కాలు లేపిండు. నడుం కాడ పట్టింది, కాలుల మంట లేదు. సుబేదార్ సాబ్‌కు చెప్పిండు: "ఉంటడు. సగం క్యాన్ మీదనే." ఏప్రిల్ దాకా సగం క్యాన్ మీదనే ఉన్న.

కింద సెలెక్షన్. వేడెక్కేందుకు రెండో లిఫ్ట్ లేపిన. పిక్కలకు దిగింది. బార్ కింద పెట్టిన. కోచ్ సాబ్ అడిగిండు, ఏమైందని. ఇరవై మంది ముంగట చెప్పిన.

"నడుం, సాబ్."

ఎవలూ చీపురు ఇయ్యలేదు. "వచ్చే ఏడు రా," అన్నడు. వచ్చే ఏడు పోయిన. లేపిన. మూడో స్థానం. గది వేరే ముచ్చట.

గా మొదటి సెలెక్షన్ అయినంకనే సెలవు మీద ఇంటికి వచ్చిన. బస్సు జక్రాన్‌పల్లి దాటంగనే పసుపు వాసన. మరునాడు గంజ్‌కు పోయిన. పసుపు సీజన్. నేలంత పసుపు దుమ్ము, పలుచగ పరిచినట్టు. జట్టోళ్లు నా మీద పడ్డరు. "మిలిట్రీ సాబ్, ఒక్క బస్తా!" అని వీపు మీద పెట్టిండ్రు. వరుస కాడ నడుం తిప్పలేదు. పాదాలు ఒక్కటొక్కటిగ తిప్పి నిమ్మళంగ దించిన. "పెండ్లిపిల్ల నడిచినట్టు నడుస్తుండురా!" అని నవ్విండ్రు.

మేస్త్రి కాంటా కాడి నుంచి వరుస దిక్కు పోయిండు, లెక్క చూసుకుంట. ఆయన పోయినంక నేల మీద చూసిన. కుడి కాలు గుర్తు సాఫుగ ఉన్నది. ఎడమ కాలు గుర్తులకు నడుమ గీత. పసుపుల.

ఎన్నేండ్ల నుంచో నాకు తెల్వదు. గదే నేల మీద నేను ఆరేండ్లు పని చేసిన. చూడలేదు.

ఉరికి పక్కకు పోయిన. మెల్లగ అడిగిన.

"మేస్త్రీ, ఎడమ కాలా?"

ఆగిండు. అటు ఇటు చూసిండు, ఎవలన్న విన్నరా అని. "ఏం కాలురా? నాకేమైంది?" అన్నడు.

ఆయన భుజం పట్టి గీత దిక్కు వెనుకకు తిప్పిన. పాదాల మీద, నిమ్మళంగ.

ఇప్పటికీ కండ్లు మూస్తే యాదికొచ్చేది కొండ కాదు, హెలికాప్టర్ కాదు. ఒక గీత. సగం దూరం తెల్లగ ఉంటది, సగం దూరం పచ్చగ. దాని మీద ఒక ముసలాయన నిలబడి, తను రాసింది తనే చదువుతుంటడు.