సార్ వేలాడదీసిన క్యూబులు

ఆళ్లగడ్డలో మా సార్ పోయారని పోయిన ఆదివారం పొద్దున ఫోనొచ్చింది. ఆ ఆదివారమే వాళ్లింటికి వస్తానని మాటిచ్చాను. అంతకుముందు ఆదివారమూ అదే మాట చెప్పాను. చివరికి వెళ్లాను, పూలదండ పట్టుకుని.

నంద్యాల కాలేజీలో ఆయన మాకు కాంక్రీటు పాఠం చెప్పారు. ఇప్పుడు అదే ల్యాబులో నేను చెబుతున్నాను. పరీక్షకని పోసే కాంక్రీటు దిమ్మ, క్యూబు, చేతికిస్తే ముందు వాసన చూసేవారు, తర్వాత గోటితో గీకేవారు. మేం నవ్వేవాళ్లం. "నవ్వండప్పా. మనుషుల మాదిరే ఇది కూడా రోగం దాచుకుంటాది" అనేవారు.

రిటైరయ్యాక ఆయనకు ఒకటే పిచ్చి. మురుగులోంచి లేచే గాలిని బ్యాక్టీరియా ఆమ్లంగా మార్చి కాంక్రీటును తినేస్తుంది కదా, సిమెంటులో జియోలైట్ అనే రాతిపొడి కలిపితే ఆ తినడం తగ్గుతుందా? నేను ల్యాబులో క్యూబుల్ని ఆమ్లంలో ముంచి చూసి, పెద్ద తేడా లేదు సార్ అని తేల్చేశాను.

"సీసాలోది పోస్తివి. బ్యాక్టీరియా యాడుందమ్మా అందులో? అది బతకాల, తినాల, అప్పుడు చూడాల" అన్నారు. తడి కాంక్రీటు మీద మేకుతో జియోలైట్ క్యూబుకు 'జి' అని, మామూలుదానికి 'మా' అని రాసి, ఆరాక రెండింటినీ తన ఇంటి సెప్టిక్ ట్యాంకులోనే, నీటికి పైన, తాడుతో వేలాడదీశారు.

అవి అలా వేలాడి ఏళ్లయింది. ఈ మధ్య ఫోన్ చేస్తే ఒకటే మాట. "ఎప్పుడొస్తాండావు? నేనొక్కన్నే తీస్తే నాకు కావాల్సిందే కనపడతాది. కాదనేదానివి నువ్వుండాల."

ఆళ్లగడ్డ ఎంత దూరమని? బద్ధకం. ల్యాబులో నేను తేల్చింది తప్పవుతుందేమోనన్న భయం కూడా. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది.

సమాధి దగ్గర ప్రార్థన అయ్యాక సార్ భార్య నన్ను పెరట్లోకి తీసుకెళ్లారు. "ఎవుర్నీ మూత ముట్టనియ్యలే. ఆ పాప రావాలంటాండె. వచ్చినావు కదా, తియ్యి."

మూత తీసి, గాలి పోయేదాకా ఆగి, తాడు లాగాను. రెండూ దెబ్బతిన్నాయి. ఒకదాని పైపొర తడి సున్నంలా చేతికి ఊడొచ్చింది, దాని మీది అక్షరం జాడే లేదు. రెండోదాని అంచులు మొద్దుబారాయి గానీ 'జి' వేలికి తగులుతోంది. ఒక్క జతతో ఏదీ రుజువు కాదని నేర్పింది ఆయనే. అయినా ఇది చూసుంటే ఆ రోజంతా మాట్లాడేవారు.

"ఏమైందమ్మా?" అన్నారామె.

"సార్ అనుకున్నట్టే ఉందమ్మా."

"ఆయనకి చెప్పాల్సింది."

అలవాటుగా క్యూబును ముక్కు దగ్గర పెట్టుకున్నాను. గీకబోయిన గోరు సార్ రాసిన అక్షరం దగ్గర ఆగిపోయింది.