పొద్దున ఆరు గంటల రిపోర్టు

సరిహద్దు పోస్టుకు చేరింది నడి చలికాలంలో, పగలు పదకొండింటికి. కింది క్యాంపు నుంచి తాళ్లు పట్టుకుని ఏడు గంటల నడక. వీపున ఇరవై కిలోల బరువు, అందులో సగం రేడియో బ్యాటరీలే. ఎత్తు పద్దెనిమిది వేల అడుగులు. చలి సున్నాకు ముప్పై కింద. నడుములోతు మంచులో ఒక ఫైబర్ గుడిసె, ఒక కిరోసిన్ పొయ్యి, ఆరుగురు మనుషులు. నేను రేడియో ఆపరేటర్ని. తొంభై రోజుల డ్యూటీ. కొండ పేరు చెప్పను, అడగొద్దు.

మా ఊళ్లో జెండా పండుగకు పిలిచి, దండ వేసి, "అన్నా, దుష్మన్ ఎట్లుంటడే?" అని అడుగుతారు. నేను దుష్మన్‌ను చూడనే లేదు. అక్కడ పొద్దస్తమానం చేసేది మంచు తవ్వడం, మంచు కరిగించి తాగడం, బ్యాటరీలు గడ్డకట్టకుండా చంకలో పెట్టుకుని పడుకోవడం. ఇది చెబితే వినేవాళ్ల మొహాలు వాడిపోతాయి.

పోస్టులో తెలుగు మాట్లాడేవాడు నాతో పాటు ఇంకొక్కడే, మెషిన్‌గన్ పట్టేవాడు. ఆదిలాబాదు వాడు, నాకంటే ఆరేళ్లు చిన్న. మరాఠీ అలవాటు కొద్దీ నన్ను దాదా అనేవాడు. తల్లి జిన్నింగు మిల్లులో కూలి. వాడు పెరిగింది పత్తి కుప్పల మీదే. ఆ నూగు ఛాతీలోకి దిగి చిన్నప్పటి నుంచీ దగ్గు. "నా దగ్గు నాకు సుట్టం లెక్క దాదా. సప్పుడుతోనే గుర్తువడ్త," అని నవ్వేవాడు.

నలభయ్యో రోజు పోస్టు కమాండర్ సామాను కోసం ఇద్దరిని వెంటబెట్టుకుని కింది క్యాంపుకు దిగాడు. మిగిలింది నేను, గన్నర్, వంటవాడు. దిగేముందు కమాండర్ నాతో హిందీలో ఒకటే మాట అన్నాడు: "పోస్టు నీది. పొద్దున ఆరు, సాయంత్రం అయిదు. రిపోర్టు తప్పొద్దు."

మర్నాడు ఆరుకు పది నిమిషాల ముందు గన్నర్ వచ్చి నా పక్కన పెట్టె మీద కూచున్నాడు. కూచున్నా ఆయాసమే.

"దాదా, గిది నా దగ్గు గాదు. లోపల నీళ్లున్నట్టు గురగురమంటుంది. కిందికి చెప్పు."

ఆకాశంలో మబ్బు తునక లేదు. గాలి లేదు. హెలికాప్టర్ దిగడానికి అంతకంటే మంచి పొద్దు ఉండదు. ఆరింటికి కింద బేస్ క్యాంపు రేడియోలో పిలిచింది.

"సబ్ ఠీక్?"

"సబ్ ఠీక్," అన్నాను.

వాడు నన్నే చూశాడు. "చెప్పలేదేంది దాదా?"

"జర ఆగు. పొద్దెక్కితే తక్కువైతది. ఊకె వాళ్లను పరేషాన్ చేసుడెందుకు?"

ఆ మాట నాది కాదు, మా అవ్వది, నన్ను కన్నతల్లిది. మాది కొండగట్టు దగ్గరి పల్లె. బాపు మస్కట్‌లో బిల్డింగుల పని చేసేవాడు. శుక్రవారం ఆయనకు సెలవు. ఆ రోజు మధ్యాహ్నం ఎస్టీడీ బూతుకు ఫోన్ వచ్చేది. దారి పొడుగునా అవ్వ నాకు పాఠం చెప్పేది. "మీ బాపు పదంతస్తుల మీద నిలవడి పని చేస్తడు. నీకు జ్వరమని తెలిస్తే ఫికర్‌తోని కాలు జారదా? మంచిగున్న అను." ఒకసారి చలిజ్వరంతో నా పళ్లు టకటకా కొట్టుకుంటుంటే, ఆ చప్పుడు ఫోన్‌లో పోకుండా నా దవడ గట్టిగా పట్టుకుంది. మంచిగున్న బాపూ అన్నాను. షాబాష్ అన్నాడు ఆయన. నాయనమ్మ చచ్చిపోతే నెల దాకా "జర పానం బాగలేదు" అనే చెప్పాం.

అవ్వను తప్పు పట్టను. ఆమె భయం ఉత్తది కాదు. కానీ నాకు ఏడేళ్ల వయసప్పటి ఆ పట్టు నా దవడను ఇప్పటికీ వదల్లేదు. ఇవాళ కరీంనగర్‌లో డాక్టరు "ఎక్కడ నొప్పి?" అంటే నా భార్య జవాబు చెప్పాలి. బీపీ ముదిరి కిడ్నీ దాకా పోయిందని తెలిసింది కూడా ఆమె ఈడ్చుకుపోతేనే.

తొమ్మిదిన్నరకు పక్క పోస్టులో కిరోసిన్ దించి, హెలికాప్టర్ మా ముందు నుంచే తిరిగి వెళ్లింది. ఒక్క మాట చెప్పి ఉంటే ఇరవై నిమిషాల్లో మా దగ్గర దిగేది. నా నోట మన్ను పడ, చెప్పలేదు.

పన్నెండింటికి మబ్బు కమ్మింది. రెండింటికి గాలి, వెంటనే మంచు. సాయంత్రం అయిదింటికి వాడు పడుకోలేక గోడకు ఆనుకున్నాడు. పెదాలు నేరేడు పండు రంగుకు తిరిగాయి. "గన్నర్‌కు కొద్దిగా దగ్గు," అన్నాను రేడియోలో. నాయనమ్మ చావును బాపుకు చెప్పినట్టే చెప్పాను. మందు ఇవ్వమన్నారు. ఇచ్చాను.

మళ్లీ పొద్దున ఆరు. వాడి నోట్లోంచి ఎర్రటి నురగ. అప్పుడు అరిచాను. ఎత్తుకు ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నాడు డాక్టర్; ఆయన రేడియోలో చెబుతుంటే సూది నేనే వేశాను. ఉన్న ఒక్క ఆక్సిజన్ సిలిండర్ పెట్టాం. వంటవాడు వాడి కాళ్లు రుద్దుతూ ఏడుస్తున్నాడు. "మంచు ఆగితేనే ఎగరగలం," అన్నారు కింద నుంచి. ఆగలేదు. మధ్యాహ్నం రెండూ ఇరవైకి వాడి ఊపిరి ఆగింది. మంచు ఇంకో రెండు రోజులు కురిసింది.

వాడి భాష వచ్చినవాణ్ని కనుక శవపేటిక వెంట నన్నే పంపారు. ఆదిలాబాదులో మిల్లు వెనక గల్లీ. ఇంటి ముందు జనం, జెండాలు, జిందాబాద్‌లు. వాతావరణం బాగాలేక ప్రాణం దక్కలేదని వెంట వచ్చిన ఆఫీసరు తల్లికి చెప్పాడు. విచారణ ఇంకా మొదలు కాలేదు. నేను ఊరుకుంటే ఆ పూటకు గడిచిపోయేది.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "నా కొడుకు ఆఖరుకు ఏమన్నడు బిడ్డా?"

"కిందికి చెప్పుమన్నడు అవ్వా. గప్పుడు మొగులు సాఫ్‌గుండె, మబ్బు లేకుండె. నేను చెప్పలే. అంతా మంచిగుందని చెప్పిన."

పక్కనున్న చుట్టం ఒకడు నా కాలర్ పట్టుకున్నాడు. ఆమె వాడి చెయ్యి తీసేసింది.

"ఎందుకు చెప్పలే?"

తిట్టడానికి కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగింది. మా అవ్వ గురించి, ఆ ఫోన్ల గురించి ఇప్పుడు మీకు చెప్పిందంతా నాకు తెలిసి వచ్చింది చాలా ఏళ్ల తర్వాత.

పెట్టెను భుజాలకెత్తారు. ఆడవాళ్లు ఆమెను అటు తిప్పబోయారు. ఆమె తిరగలేదు. కొడుకు గల్లీ దాటిపోతున్నాడు, ఆమె మాత్రం నా నోటి వైపే చూస్తూ నిలబడింది.